తలుపు చప్పుడుకు ముందు ఓ సంతకం

భర్తనీ ముగ్గురు పిల్లల్నీ వదిలి నోరా వెళ్లిపోయింది. లోకమంతా ఆ తలుపు చప్పుడే విన్నది. కానీ ఆ కథ మొదలైంది ఓ అప్పు పత్రం దగ్గర!

సెప్టెంబరు 29న కన్నుమూసిన మనిషి అక్టోబరు 2న సంతకం ఎలా చేస్తాడు?

చెయ్యలేడు. ఆయన పేరు ఇంకెవరో రాసి ఉండాలి. రాసింది ఆయన కన్నకూతురే. అప్పటికి ఆమె నిండు చూలాలు. భర్తకు ప్రాణం మీదికొచ్చింది. ఈ చలిదేశం నుంచి కొన్నాళ్లపాటు దక్షిణాదికి తీసుకెళ్తే తప్ప బతకడని డాక్టర్లు ఆమెకు చెప్పారు. ఆ సంగతి భర్తకు తెలియకూడదు. ప్రయాణానికేమో బోలెడు డబ్బు కావాలి. ఆయన అప్పంటేనే మండిపడే మనిషి. భర్త ఒప్పుకోకుండా పెళ్లయిన ఆడది అప్పు చెయ్యడానికి లేదు. వడ్డీకిచ్చేవాడు తండ్రి చేత పూచీకత్తు సంతకం పెట్టించుకు రమ్మన్నాడు. తండ్రి చూస్తే మంచాన పడి ఉన్నాడు. చావుబతుకుల్లో ఉన్నవాడి దగ్గరికెళ్లి అల్లుడి జబ్బు గురించి చెప్పి, కాగితం చేతికిచ్చే గుండె కూతురికి లేకపోయింది. ఆయన పేరు తనే రాసేసింది.

4,800 క్రోనర్లు చేతికొచ్చాయి. ఏడాదిపాటు ఇటలీలో ఉన్నారు. భర్త కోలుకున్నాడు. డబ్బు నాన్న ఇచ్చాడని ఆమె చెప్పింది. ఆయన నమ్మాడు. కథ సుఖాంతం... తేదీల సంగతి ఎవరూ పట్టించుకోనంత వరకూ!

ఆమె పేరు నోరా. నార్వే రచయిత హెన్రిక్ ఇబ్సెన్ రాసిన ‘ఎ డాల్స్ హౌస్’ నాటకానికి ఇరుసు ఈ సంతకమే. మన మాటలో చెప్పుకోవాలంటే ‘బొమ్మరిల్లు’. ఆ పేరు వినగానే మనకు 2006లో వచ్చిన సినిమా గుర్తొస్తుంది గానీ, ఈ బొమ్మరిల్లు వయసు దానికంటే చాలా పెద్దది. 1879 డిసెంబరు 4న కోపెన్‌హాగన్‌లో పుస్తకంగా వచ్చింది. అచ్చేసిన 8,000 కాపీలూ నెల తిరిగేసరికి అయిపోయాయి. అదే డిసెంబరు 21న అక్కడి రాయల్ థియేటర్‌లో తెర లేచింది. బెట్టీ హెన్నింగ్స్ అనే నటి తొలి నోరా.

భార్య ఇల్లు వదిలి వెళ్లిపోవడం... ఈ నాటకం గురించి వినని వాళ్లకు కూడా ఆ ఒక్క ముక్క తెలుసు. ఆ చివరి నిమిషం అంత గట్టిగా వినిపించింది కాబట్టే, దానికి ముందు ఇబ్సెన్ ఓపిగ్గా వేసిన లెక్కలు చాలామంది చూడలేదు. ఈ వారం ఆ లెక్కలే చూద్దాం.

మూడు రోజులు... ఒకే గది

క్రిస్మస్ ముందురోజు. నోరా చేతినిండా పొట్లాలతో, క్రిస్మస్ చెట్టుతో ఇంట్లోకి వస్తుంది. భర్త టోర్వాల్డ్ హెల్మర్‌కి బ్యాంకు మేనేజరుగా కొత్త ఉద్యోగం ఖాయమైంది. కొత్త సంవత్సరం నుంచీ జీతం పెరుగుతుంది. ఇంట్లో సందడే సందడి. ఆయన భార్యను పాటల పిట్ట అంటాడు, ఉడుత అంటాడు. ఖర్చు చేస్తోందని ముద్దుగా కసురుతాడు. పళ్లు పాడవుతాయని బాదం బిస్కట్లు తిననివ్వడు. ఆవిడ జేబులో దాచుకుని దొంగచాటుగా తింటుంది. తిన్నావా అని అడిగితే లేదంటుంది. అబద్ధం చిన్నదే. కానీ ఆ ఇంట్లో ఏం జరుగుతోందో తెర లేచిన కాసేపటికే మనకు తెలిసిపోతుంది.

ఇంతకీ అప్పు ఎలా తీరుస్తోంది? ఇంటి ఖర్చుకిచ్చే డబ్బులో కొంత పక్కన పెడుతోంది. తన బట్టల్లో చవకరకం కొని మిగిలిస్తోంది. పిల్లలకు మాత్రం లోటు రానివ్వదు. ముందటేడాది చలికాలంలో రాతప్రతులకు నకళ్లు తీసే పని దొరికింది. రాత్రి పొద్దుపోయేదాకా తలుపేసుకుని రాసింది. ఇంట్లోవాళ్లతో క్రిస్మస్ చెట్టుకి అలంకరణలు చేస్తున్నానని చెప్పింది. ఒళ్లు హూనమైందట. అయినా ఎంత సంతోషంగా ఉండేదో స్నేహితురాలికి చెబుతుంది. కూర్చుని పనిచేసి డబ్బు సంపాదిస్తుంటే తాను మగవాణ్నేమో అనిపించిందట! ఇబ్సెన్ ఈ మాటను నవ్వులాటలాగే అనిపిస్తాడు. మనం నవ్వి ముందుకెళ్లిపోతాం. నాటకం అయిపోయాక ఇంటికొచ్చి పడుకుంటే అది గుర్తొస్తుంది.

అప్పిచ్చిన క్రోగ్‌స్టాడ్ అదే బ్యాంకులో చిన్న ఉద్యోగి. ఒకప్పుడు తనూ దొంగ సంతకం చేసి పరువు పోగొట్టుకున్నవాడు. పిల్లల కోసం మళ్లీ మర్యాదగా బతకాలని చూస్తున్నాడు. కొత్త మేనేజరు అతణ్ని ఉద్యోగంలోంచి తీసెయ్యబోతాడు. అప్పుడు క్రోగ్‌స్టాడ్ పత్రం బయటికి తీస్తాడు. సెప్టెంబరు 29, అక్టోబరు 2... తేదీలు చూపిస్తాడు. భర్తకు అంతా రాసి, ఉత్తరాన్ని వాళ్ల ఇంటి పోస్టు డబ్బాలో పడేస్తాడు. ఆ డబ్బాకు అద్దం ఉంది. ఉత్తరం లోపల కనిపిస్తూనే ఉంటుంది. తాళంచెవి మాత్రం భర్త దగ్గరే ఉంటుంది.

ఇంటి పోస్టు డబ్బా తాళంచెవి కూడా ఆమె చేతిలో లేదు. ఇంతకంటే ఆ సంసారం గురించి చెప్పేదేముంది!

నోరా ఓ అద్భుతం కోసం ఎదురుచూస్తుంది. ఉత్తరం చదివిన భర్త ‘నేరం నాది’ అని ముందుకొస్తాడని, తనను కాపాడతాడని. అలా జరగనివ్వకుండా తాను చచ్చిపోవాలని కూడా అనుకుంటుంది. జరిగింది వేరు. ఆయన ఉత్తరం చదివి ఆమెను అబద్ధాలకోరు అన్నాడు. నేరస్థురాలు అన్నాడు. తండ్రి బుద్ధులే వచ్చాయన్నాడు. ఇంట్లోనే ఉండమన్నాడు, లోకం కోసం. పిల్లల పెంపకం మాత్రం ఇక ఆమె చేతిలో పెట్టనన్నాడు. అంతలో క్రోగ్‌స్టాడ్ మనసు మారి పత్రాన్ని తిప్పి పంపుతాడు. టోర్వాల్డ్ గంతేసినంత పనిచేసి తాను బయటపడ్డానని అరుస్తాడు. మరి నేనో, అని నోరా అడిగితే, నువ్వు కూడా అంటాడు. ఇంకేముంది... క్షమించేశాడు. మళ్లీ పిట్ట, మళ్లీ ముద్దుమాటలు.

ఆమె లోపలికెళ్లి డాన్సు దుస్తులు తీసేసి రోజూ కట్టుకునే బట్టలతో వస్తుంది. భర్తను బల్లకు అవతలివైపు కూర్చోమంటుంది. పెళ్లయి ఎనిమిదేళ్లయినా మనిద్దరం కూర్చుని ఒక్కసారైనా గట్టి విషయం ఏదీ మాట్లాడుకోలేదు కదా అంటుంది. నాన్న ఇంట్లో బొమ్మనే, నీ ఇంట్లోనూ బొమ్మనే అంటుంది. ఉంగరం తిరిగిచ్చి వెళ్లిపోతుంది. కింద వీధి తలుపు మూసుకున్న చప్పుడు. తెర.

దుర్మార్గుడు ఎవరు?

ఆరోజుల్లో యూరప్ రంగస్థలంలో భార్యను ఏడిపించే భర్తలకు కరవేం లేదు. తాగొచ్చి కొడతారు. పరస్త్రీ వెంట తిరుగుతారు. ప్రేక్షకుడు తిట్టుకుంటాడు, నేనలాంటివాణ్ని కాదులే అనుకుని ఇంటికెళ్తాడు. ఇబ్సెన్ ఆ సౌకర్యం లేకుండా చేశాడు. టోర్వాల్డ్ తాగడు, కొట్టడు, అప్పు చెయ్యడు. భార్యంటే ప్రాణం. అందరూ మెచ్చే అల్లుడు. రంగస్థలం మీద గది కూడా ప్రేక్షకుల ఇళ్లలో ఉండే గదిలాంటిదే. పియానో, పొయ్యి, కుర్చీలు, పిల్లల అరుపులు. మాటలు మామూలు వచనంలో. ఒకప్పుడు పద్యనాటకాలతో పేరు తెచ్చుకున్న ఇబ్సెన్ 1877లో ‘పిల్లర్స్ ఆఫ్ సొసైటీ’తో ఈ దారి పట్టాడు. వాస్తవికత అంటే ఆయన దృష్టిలో ఇదే... హాల్లో కూర్చున్న పెద్దమనిషికి వేదిక మీద తన ఇల్లే కనిపించాలి.

కనిపించింది కాబట్టే అంత గొడవ. స్టాక్‌హోమ్‌లో విందులకు పిలుస్తూ, దయచేసి ‘డాల్స్ హౌస్’ ఊసెత్తవద్దని ఆహ్వానపత్రికల్లో రాసేవారని చెబుతారు. మాట మొదలైతే భార్యాభర్తలు రెండు జట్లయిపోయేవారట!

పెళ్లి వ్యవస్థ మీదే ఇబ్సెన్ కత్తిగట్టాడని చాలామంది తిట్టారు. అదే నాటకంలో ఇంకో జంట ఉన్న సంగతి వాళ్లకు పట్టలేదు. నోరా స్నేహితురాలు క్రిస్టీన్ ఒకప్పుడు క్రోగ్‌స్టాడ్‌ను ప్రేమించింది. మంచాన పడ్డ తల్లినీ ఇద్దరు తమ్ముళ్లనూ సాకాలి. అందుకని డబ్బున్న మరొకణ్ని చేసుకుంది. ఆ భర్త పోయాడు, వ్యాపారం మునిగింది. చిన్న దుకాణం పెట్టి, చిన్న బడి నడిపి, ఏ పని దొరికితే అది చేసి బతికింది. ఇప్పుడు ఉద్యోగం వెతుక్కుంటూ ఈ ఊరొచ్చింది. పాత ప్రేమికుణ్ని తానే అడుగుతుంది, కలిసి బతుకుదామా అని. అతని గతం ఆమెకు తెలుసు, ఆమె గతం అతనికి తెలుసు. ఒకే రాత్రి ఒక ఇల్లు కూలుతుంటే ఇంకో ఇల్లు లేస్తుంది. కూలేది ముద్దుమాటల మీద కట్టిన ఇల్లు. లేచేది ఒకరి సంగతి ఒకరికి తెలిసి, ఇద్దరూ పనిచేసుకునే ఇల్లు. ఇబ్సెన్ పెళ్లిని తిట్టలేదు. ఎలాంటి పెళ్లి నిలుస్తుందో పక్కనే పెట్టి చూపించాడు.

అసలు పిట్ట పేరు... లారా

ఇక్కడితో ఆపితే ఇది ఓ గొప్ప నాటకం కథ. కానీ ఆ సంతకం ఇబ్సెన్ ఊహ మాత్రమే కాదు.

లారా పీటర్సన్ నార్వే అమ్మాయి. 1849లో పుట్టింది. ఇరవై ఏళ్లకే ఇబ్సెన్ రాసిన ‘బ్రాండ్’కి కొనసాగింపుగా ఓ పుస్తకం రాసి ఆయనకు పంపింది. పరిచయమైంది. ఇబ్సెన్ దంపతుల ఇంటికి వచ్చి వెళ్లేది. ఆ హుషారు చూసి ఆయన ఆమెను ముద్దుగా ‘పాటల పిట్ట’ అనేవాడు. టోర్వాల్డ్ నోరాను పిలిచే పేరు అదే!

1873లో విక్టర్ కీలర్ అనే డెన్మార్క్ ఉపాధ్యాయుణ్ని పెళ్లి చేసుకుంది. ఆయనకు క్షయ వచ్చింది. దక్షిణాదికి తీసుకెళ్లమన్నారు డాక్టర్లు. ఆయనకు డబ్బు మాట ఎత్తితేనే చిరాకు. లారా రహస్యంగా అప్పు చేసింది. ఓ స్నేహితుల పూచీ మీద. 1876లో ఇటలీ వెళ్లారు. భర్త కోలుకున్నాడు. అప్పు మాత్రం కోలుకోనివ్వలేదు. గడువు మీద పడింది. పుస్తకం రాసి తీర్చుకుందామని హడావుడిగా ఓ రచన చేసి 1878లో ఇబ్సెన్‌కి పంపింది. ప్రచురణకర్తకు ఓ మాట చెప్పమని బతిమాలింది. రచన బాగాలేదు. ఇబ్సెన్ ఆ మాటే నిర్మొహమాటంగా రాశాడు. భర్త బతికుండగా ఇంత బరువు నువ్వొక్కదానివే ఎందుకు మొయ్యాలి, అంతా ఆయనకు చెప్పెయ్యమని సలహా ఇచ్చాడు.

సలహా తప్పేం కాదు. కానీ చెప్పడానికి అవతల వినేవాడుండాలి కదా!

లారా ఆ రాతప్రతిని కాల్చేసింది. దొంగ సంతకంతో డబ్బు తెచ్చుకోబోయి దొరికిపోయింది. ప్రాణం దక్కించుకున్న భర్త ఆమెను నేరస్థురాలన్నాడు. పిల్లల్ని దూరం చేశాడు. విడిపోతానన్నాడు. ఆమె మనసు చెదిరింది. 29 ఏళ్ల వయసులో పిచ్చాసుపత్రిలో పెట్టారు. బయటికొచ్చాక పిల్లల కోసం భర్త కాళ్లావేళ్లా పడింది. కొంతకాలానికి ఆయన ఇంట్లోకి రానిచ్చాడు.

ఆ కబురు ఇబ్సెన్‌కు తెలిసింది. అదే ఏడాది అక్టోబరు 19న రోమ్‌లో ఓ కొత్త విషాద నాటకానికి నోట్సు మొదలుపెట్టాడు. ఆడవాళ్లకొక నీతి, మగవాళ్లకొక నీతి ఉన్నాయి. ఒకరిదొకరికి అర్థం కాదు. అయినా ఆడదానికి తీర్పు చెప్పేది మాత్రం మగవాళ్లు రాసిన చట్టంతోనే... ఇదీ ఆ నోట్సు సారాంశం. మరుసటేడు మొదట్లో రోమ్‌లోని స్కాండినేవియన్ల క్లబ్బులో ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలని ఆయనే ప్రతిపాదన పెట్టాడు. ఒక్క ఓటు తక్కువై వీగిపోయింది. ఇబ్సెన్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఆ వేసవిలో అమాల్ఫీ అనే సముద్రపుటూళ్లో కూర్చుని నాటకం పూర్తిచేశాడు.

నాటకంలో పిట్ట ఎగిరిపోయింది. నిజం పిట్ట పంజరంలోకి తిరిగొచ్చింది.

లారా తర్వాత చాలా పుస్తకాలు రాసింది. ‘గౌరవనీయులైన మగవాళ్లు’ అనే అర్థం వచ్చే పేరుతో ఓ నాటకం కూడా రాసింది. ఏం రాసినా జనం ఆమెను నోరా అనే పిలిచారు. దొంగ సంతకం సంగతి జీవితాంతం వెంటాడింది. తాను నోరాను కానని బహిరంగంగా చెప్పమని ఇబ్సెన్‌ను కోరింది. ఆయన చెప్పలేదు. 1932లో ఆమె చనిపోయేనాటికి ఆ నాటకం ప్రపంచమంతా తిరిగొచ్చింది. లక్షలమంది ఆడవాళ్లకు ధైర్యం చెప్పిన కథకు ముడిసరుకు ఒకామె పోగొట్టుకున్న పరువు. ఇబ్సెన్ మీద ఎంత గౌరవం ఉన్నా ఈ బాకీ మాత్రం ఆయన ఖాతాలో ఉండాల్సిందే.

ముగింపు మార్చండి బాబూ!

జర్మనీలో హెడ్విగ్ నీమన్-రాబె అనే పేరున్న నటి నోరా వేషం వేస్తానంది. ఒక్కటే షరతు... నేనైతే నా పిల్లల్ని వదిలి వెళ్లను, అందుకని చివరి సన్నివేశం చెయ్యను! అప్పట్లో స్కాండినేవియా రచనలకు జర్మనీలో కాపీరైటు రక్షణ లేదు. ఎవరైనా ఎలాగైనా మార్చుకోవచ్చు. వేరేవాళ్లు పాడుచేసేకంటే నేనే పాడుచేస్తే నయమనుకుని ఇబ్సెన్ ఇంకో ముగింపు రాసిచ్చాడు. అందులో భర్త ఆమెను నిద్రపోతున్న పిల్లల గది గుమ్మం దగ్గరికి లాక్కెళ్తాడు. ఆమె అక్కడే కూలబడిపోతుంది. 1880లో అలాగే ఆడించారు. అది తన నాటకం మీద జరిగిన అనాగరికమైన దౌర్జన్యమని ఇబ్సెనే పత్రికకు రాశాడు.

లండన్‌లో ఇంకా తమాషా. 1884లో ‘బ్రేకింగ్ ఎ బటర్‌ఫ్లై’ పేరుతో వచ్చిన అనుసరణలో భర్త నిజంగానే నేరం తన మీద వేసుకుంటాడు. నోరా ఎదురుచూసిన అద్భుతం జరిగిపోతుంది. ఆమె ఎక్కడికీ వెళ్లదు. ప్రేక్షకులు హాయిగా ఇంటికెళ్లారు. 1886లో మాత్రం లండన్‌లోనే ఓ అద్దె ఇంట్లో కొందరు మిత్రులు కలిసి అసలు నాటకాన్ని చదువుకున్నారు. కార్ల్ మార్క్స్ కూతురు ఎలినార్ నోరా. క్రోగ్‌స్టాడ్‌గా చదివిన కుర్రాడి పేరు జార్జ్ బెర్నార్డ్ షా! మార్చని నాటకాన్ని 1889లో జానెట్ అచర్చ్ అనే నటి లండన్ వేదిక మీద ఆడి చూపించింది.

పిల్లల్ని వదిలి వెళ్లిన తల్లి... అందరి కోపమూ అక్కడే. ఆ ఇంట్లోనే ఇంకో తల్లి ఉంది. ఆయా అన్నామేరీ. నోరాకు తల్లి లేకపోతే పాలిచ్చి పెంచింది. అందుకోసం తన బిడ్డను పరాయివాళ్ల చేతిలో పెట్టి వచ్చింది. నీకు మనసెలా ఒప్పిందని నోరా అడుగుతుంది. బీదదాన్ని, మోసపోయినదాన్ని, ఇంకేం చేస్తానమ్మా అన్నట్టు చెబుతుంది ఆయా. కడుపుకోసం బిడ్డను వదిలిన ఈ తల్లిని చూసి ఏ ప్రేక్షకుడూ లేచి అరవలేదు. ఏ నటీ షరతు పెట్టలేదు. అది పనిమనిషి సంగతి కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

భర్తను వదలకపోతే ఏమవుతుంది? ఆ ప్రశ్నకు జవాబన్నట్టుగా 1881లో ఇబ్సెన్ ‘గోస్ట్స్’ రాశాడు. అందులో మిసెస్ ఆల్వింగ్ పరువు కోసం భర్త దగ్గరే ఉండిపోతుంది. ఆయన తిరుగుళ్ల తాలూకు జబ్బు కొడుక్కి సంక్రమిస్తుంది. ఆ పుస్తకాన్ని షాపులవాళ్లు కట్టలకు కట్టలు వెనక్కి పంపారు. వెళ్లినా తప్పే, ఉన్నా తప్పే!

తలుపు దాటాక?

నోరా ఎక్కడికెళ్లింది? ఆ రాత్రికి క్రిస్టీన్ దగ్గరికి. తెల్లారాక? ఇబ్సెన్ చెప్పలేదు. చెప్పనందుకు ఇప్పటికీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఆస్ట్రియా రచయిత్రి ఎల్ఫ్రీడె యెలినెక్ 1970ల్లో రాసిన నాటకంలో నోరా ఫ్యాక్టరీలో పనికి చేరుతుంది. 2017లో అమెరికాలో లూకస్ నేథ్ రాసిన ‘రెండో భాగం’లో పదిహేనేళ్ల తర్వాత అదే తలుపు తడుతుంది.

అన్నిటికంటే సూటి జవాబు చైనా నుంచి వచ్చింది. 1918లో ‘న్యూ యూత్’ పత్రిక ఇబ్సెన్ ప్రత్యేక సంచిక వేశాక అక్కడి చదువుకున్న ఆడపిల్లలకు నోరా ఆరాధ్యదేవత అయింది. 1923 డిసెంబరులో బీజింగ్‌లోని మహిళా కళాశాలలో రచయిత లూ షున్ మాట్లాడాడు. నోరా వెళ్లిపోయాక ఏమవుతుందన్నదే విషయం. చప్పట్ల కోసం చూసుకోలేదాయన. చేతిలో డబ్బు లేకపోతే ఆమెకు రెండే దారులు, చెడిపోవడమో తిరిగి రావడమో అన్నాడు. కలలు మంచివే, ముందు సంచిలో డబ్బుండాలన్నది ఆయన మాటల సారం. లారా కీలర్ గురించి ఆయనకు తెలుసో లేదో గానీ చెప్పింది మాత్రం ఆమె కథే.

ఇదే లెక్క మన దగ్గరా వేసి చూడొచ్చు. కోపెన్‌హాగన్‌లో నోరా తలుపేసిన పదమూడేళ్లకు, 1892లో విజయనగరంలో గురజాడ ‘కన్యాశుల్కం’ ఆడింది. 1897లో అచ్చయింది. మనం ఇప్పుడు చదివేది 1909లో ఆయన పెంచి రాసిన రూపం. అదీ పెళ్లి మీద నాటకమే, మనుషులు మాట్లాడుకునే భాషలోనే. ఇబ్సెన్ ఇంట్లో పెళ్లాం బొమ్మయితే ఇక్కడ పిల్ల సరుకు. బేరం, బయానా, అప్పు, కంటె... పుస్తకం నిండా డబ్బే. మరి అందులో తన డబ్బు తాను లెక్కపెట్టుకోగల ఆడవాళ్లెవరు? ఒకరు పూటకూళ్లమ్మ, విధవ. రెండోవారు మధురవాణి, వేశ్య. ఇద్దరూ పెళ్లి గుమ్మానికి బయటున్నవాళ్లే. లోపలున్న వెంకమ్మ కూతురి పెళ్లి ఆపించడానికి నూతిలో దూకాల్సొచ్చింది గానీ, ఆమె మాటకు ఇంట్లో పైసా విలువ లేదు. ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు రచయితలు ఆ ఇంటి గుట్టు ఒకేచోట పట్టుకున్నారు.

నాటకాలు చట్టాలు మార్చవు. కానీ 1884లో పెళ్లయిన ఆడవాళ్లకు సొంత ఆస్తి హక్కు కావాలని నార్వే పార్లమెంటుకు వెళ్లిన అర్జీ మీద ఇబ్సెన్ సంతకం ఉంది. ఈ విషయంలో మగవాళ్ల అభిప్రాయం కనుక్కోవడమంటే గొర్రెల రక్షణ గురించి తోడేళ్లను అడగడమేనని మిత్రుడికి రాశాడు. 1888లో అక్కడ పెళ్లయిన స్త్రీని చట్టం మేజరుగా గుర్తించింది. తన సంపాదన తన చేతికొచ్చింది. లారాకు అప్పటికి 39 ఏళ్లు. పదేళ్లు ఆలస్యం. 1898లో నార్వే మహిళా సంఘం ఇబ్సెన్‌కు విందు ఇచ్చి పొగిడితే, తాను మహిళా ఉద్యమం కోసం రాయలేదని, మనుషుల గురించి రాశానని ఆయన తప్పుకున్నాడు. 2001లో ఆ నాటకం రాతప్రతిని యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

ఇప్పుడు ఆడవాళ్ల సంతకం చెల్లుతుంది. చెల్లడమే కాదు, భార్య పేరున తీసుకుంటే వడ్డీ కాస్త తగ్గుతుందని గృహరుణాలకు ఆమె సంతకమే ముందు కావాలంటున్నారు. ‘ఇక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు’ అని వేలితో చూపిస్తే, వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పెట్టేసి వెళ్లే సంతకాలు ఎన్నో. కిస్తీ ఎంత, ఎన్నేళ్లు, ఆ కాగితాలు బీరువాలో ఏ అరలో ఉన్నాయి... అడిగితే ‘ఆయనకు తెలుసు’ అన్న జవాబు మనకు కొత్తా? నోరా చెల్లని సంతకం పెట్టినా, కూడబెట్టగలిగిన ప్రతి పైసా ఆ అప్పుకే కట్టింది. చెల్లే సంతకం పెట్టి లెక్క తెలియకపోతే ఆ పోస్టు డబ్బా తాళంచెవి ఇంకా అవతలివాళ్ల జేబులో ఉన్నట్టే.

ఆ భార్యాభర్తలు బల్లకు అటూ ఇటూ కూర్చోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఇవాళ ఆదివారం. ఇద్దరూ ఇంట్లోనే ఉంటారు. టిఫిన్లు అయ్యాక ఆ బీరువా తెరిచి, కాగితాలు ముందేసుకుని ఓ గంట కూర్చుంటే పోయేదేముంది!